ఓరుగల్లు కోట: రాతిగోడ ఉండగా దాని బయట మట్టిగోడ ఎందుకు?

వరంగల్ ఊళ్లోంచి ఖిలా వరంగల్‌కు వెళ్లేవారు కాకతీయుల తోరణాలను చేరుకోకముందే ఒక కోటగోడను దాటిపోతారు. చాలామందికి అది గోడ అని తెలియదు. గడ్డి మొలిచి, పొదలు పెరిగి, చెరువుకట్టలా కనిపించే ఒక పొడవాటి మట్టిదిబ్బను కోసుకుంటూ రోడ్డు లోపలికి పోతుంది. ఆ తరువాత వచ్చే నల్లరాతి గోడ దగ్గర అందరూ ఆగుతారు, తలెత్తి చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. కానీ 1310లో ఢిల్లీ సైన్యాన్ని వారాల తరబడి బయటే నిలిపింది ఆ మట్టిదిబ్బే.

ఈ రెండు గోడలనూ కలిపి చూసినవారికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. రాయి గట్టిది, మట్టి మెత్తనిది అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. చరిత్రకారులలో ఎక్కువమంది చెప్పేదాని ప్రకారం రాతికోటను మొదలుపెట్టినవాడు గణపతిదేవుడు (1199–1262). ఆ గోడ ఎత్తు పెంచి, దాని బయట మట్టికోటను కట్టించినది అతని కుమార్తె రుద్రమదేవి (1262–1289). మరి రాతిగోడ చేతిలో ఉన్న రాణి మట్టిని ఎందుకు ఎంచుకుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మధ్యయుగపు కోటగోడ ఏ పని కోసం పుట్టిందో, ఆ పనిని ఎలా చేసేదో, ఎక్కడ విఫలమయ్యేదో చాలావరకు తెలిసిపోతుంది.

"కోట" అన్న ఒక్క మాటలో ఇమిడిన పలు అర్థాలు

తెలుగులో కోట అన్న మాట చాలా బరువు మోస్తుంది. ఐరోపాలో కాజిల్ అనేది ప్రధానంగా ఒక ప్రభువు నివాసం. అతని కుటుంబం, పరివారం, కొద్దిపాటి సైన్యం ఉండే గట్టి ఇల్లు. నగరాన్ని చుట్టిన గోడకు అక్కడ వేరే పేరు ఉంది. మనం మాత్రం గోల్కొండనూ, కొండపల్లినీ, గండికోటనూ, ఓరుగల్లునూ ఒకే మాటతో పిలుస్తాం. ఓరుగల్లు ప్రభువు ఇల్లు మాత్రమే కాదు, గోడల లోపల గుళ్లు, బజార్లు, బావులు, పొలాలు ఉన్న నగరం. ఇప్పటికీ ఆ రాతిగోడ లోపల జనం కాపురాలు చేస్తున్నారు, పంటలు పండిస్తున్నారు.

మిగిలిన మాటలు కూడా ఒకసారి చూద్దాం. ప్రాకారం అంటే చుట్టుగోడ. గుడికైనా కోటకైనా అదే మాట. గోడకు బయట తవ్విన లోతైన కాలువ అగడ్త, దాన్నే కందకం అనీ, సంస్కృతంలో పరిఖ అనీ అంటారు. గోడ నుంచి బయటికి పొడుచుకువచ్చిన కట్టడం బురుజు. పాత తెలుగులో కొత్తళం. పెద్ద తలుపులు మూసి ఉన్నప్పుడు మనిషి వంగి దూరేంత చిన్న వాకిలి దిడ్డి. మట్టి పోసి తొక్కించి లేపిన కట్టకు శాస్త్రగ్రంథాలలో వప్రం అని పేరు. కోటను చుట్టుముట్టి కూర్చోవడం ముట్టడి. నిచ్చెనలతో, తాళ్లతో గోడల మీదికి ఎగబాకడాన్ని మన పాత కావ్యాలు లగ్గలెక్కడం అంటాయి. ఎన్నికల వార్తలలో రోజూ వినిపించే కంచుకోట, బీటలు వారడం వంటి మాటలు ఈ కుటుంబానివే.

గోడ సంపాదించిపెట్టేది కాలం

ఎప్పటికీ దాటలేని గోడ ఏ దేశంలోనూ కట్టలేదు. తగినంతమంది మనుషులు, తగినన్ని రోజులు, తగినంత తిండి ఉంటే ఏ గోడనైనా దాటవచ్చునని దాన్ని కట్టినవారికి బాగా తెలుసు. వారు కోరుకున్నది బయటివాడి రోజులు తన రోజులకన్నా ముందుగా అయిపోవడం.

దీన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. పదివేల గుర్రాలతో ఒక సైన్యం వచ్చి కోట ముందు దిగిందనుకుందాం. గుర్రానికి రోజుకు 4 కిలోల ఉలవలు చొప్పున పెట్టినా రోజుకు 40 టన్నులు, నెలకు 1,200 టన్నులు కావాలి. పచ్చిగడ్డి, నీళ్లు, మనుషుల తిండి ఇందులో చేరలేదు. ఈ సరుకంతా చుట్టుపక్కల పల్లెలను దోచో, దూరం నుంచి ఎడ్ల మీద తెప్పించో సమకూర్చుకోవాలి. మొదటి వారం దగ్గర పల్లెలు ఖాళీ అవుతాయి, తరువాతి వారం ఇంకా దూరం పోవాలి. అలా పోయిన చిన్న దళాల మీద కోటవారి మిత్రులు దాడి చేస్తారు. దీనికి తోడు వానాకాలం మొదలైతే గోదావరి వంటి నదులను దాటి ఉత్తరానికి తిరిగి పోవడం కష్టం. లోపలివారికి నిండిన గాదెలు, ఊరే బావులు ఉంటే ప్రతి రోజూ వారి వైపే పనిచేస్తుంది. అవి లేకపోతే అదే గోడ వారికి చెరసాల అవుతుంది.

కాబట్టి ఒక గోడ మంచిదో కాదో తేల్చడానికి అడగవలసినది అది ఎంత గట్టిదని కాదు, దాన్ని దాటడానికి ఎన్ని రోజుల పని పడుతుందని.

గుండ్రటి కోట వెనుక లెక్క

ఓరుగల్లు కోటను పైనుంచి చూస్తే ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కనిపిస్తాయి. రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టికోట వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. కేంద్రంలో స్వయంభూ శివాలయం, దాని నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు.

వలయాకారం వల్ల మొదటి లాభం గోడ పొడవులో ఉంది. 1.2 కిలోమీటర్ల వ్యాసం ఉన్న వలయం చుట్టుకొలత దాదాపు 3.77 కిలోమీటర్లు, లోపలి నేల 1.13 చదరపు కిలోమీటర్లు. అంతే నేలను నలుచదరపు గోడతో చుట్టాలంటే దాదాపు 4.25 కిలోమీటర్ల గోడ కావాలి. అంటే గుండ్రంగా కట్టడం వల్ల అర కిలోమీటరు గోడ, దానికి కావలసిన రాయి, దాని మీద నిలబడవలసిన కాపలా మిగిలాయి. పైగా రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలే మూలలు వలయానికి లేవు.

కానీ గుండ్రటి గోడకు ఒక లోపం ఉంది. గోడ మీద నిలబడ్డ విలుకాడికి తన కాళ్ల కింద, గోడ అడుగున నక్కిన శత్రువు కనిపించడు. చూడాలంటే తల బయటపెట్టి వంగాలి, వంగితే బాణం తగులుతుంది. ఈ గుడ్డిచోటును కాపాడేవి బురుజులు. రాతికోటకు 45 బురుజులు ఉన్నాయి. వాటి మధ్య దూరాన్ని సమానంగా పంచితే ఒక్కొక్కదానికి 84 మీటర్లు వస్తుంది. రెండు బురుజుల మధ్య ఎక్కడ నిలబడ్డా ఏదో ఒక బురుజుకు 42 మీటర్లకు మించి దూరం ఉండదు. మామూలు విల్లుకు ఇది సులువుగా అందే దూరం. వలయం కాబట్టి ఆ 84 మీటర్లలో గోడ కొద్దిగా బయటికి ఉబ్బుతుంది. లెక్క కడితే ఆ ఉబ్బు ఒకటిన్నర మీటర్లే. బురుజులు అంతకు ఎన్నో రెట్లు బయటికి వచ్చాయి కాబట్టి ఒక బురుజు మీద ఉన్నవాడికి పక్క బురుజు దాకా గోడ అడుగంతా కనిపిస్తుంది. ఈ కొలతలు కాగితం మీద వేసుకున్నాకనే నాకు ఆ బురుజుల వరుస అలంకారంగా కనిపించడం మానేసింది.

ఈ బురుజులు చతురస్రాకారంలో ఉంటాయి. ఐరోపాలో 13వ శతాబ్దం నాటికి గుండ్రటి బురుజుల వైపు మొగ్గు పెరిగింది. దానికి మంచి కారణమే ఉంది. 1215లో ఇంగ్లండులోని రోచెస్టర్ కోటను జాన్ రాజు ముట్టడించినప్పుడు, చదరపు బురుజు మూల కింద సొరంగం తవ్వి, దాన్ని నిలబెట్టిన కొయ్యలకు పందికొవ్వుతో నిప్పు పెట్టించి, మూలను కూల్చివేశాడు. తరువాత ఆ ఒక్క మూలనూ గుండ్రంగా తిరిగి కట్టారు. మిగిలిన మూలలు చదరంగానే ఉన్నాయి. ఓరుగల్లులో చదరపు ఆకారం ఎందుకు కొనసాగిందంటే, పెద్ద గ్రానైటు దిమ్మెలను సున్నం లేకుండా పేర్చడానికి సూటి అంచులు అనుకూలం కావడం, నేలలో రాతిపొర ఉన్నచోట సొరంగం తవ్వడం కష్టం కావడం కొంతవరకు కారణాలు కావచ్చు.

రాయి దెబ్బను ఎదిరిస్తుంది, మట్టి దెబ్బను మింగుతుంది

రాతిగోడను దగ్గరగా చూస్తే దిమ్మెకూ దిమ్మెకూ మధ్య సున్నం కనిపించదు. బరువు మీదా, అతుకు మీదా అది నిలబడింది. బయటి ముఖం నిలువుగా, నున్నగా ఉంటుంది. కాలు పెట్టే సందు దొరకదు. లోపలి ముఖం పూర్తిగా వేరు. అక్కడ మట్టి పోసి, గోడ పొడవునా మెట్లు కట్టారు. మామూలు కోటల్లో పైకి ఎక్కే మెట్లు అక్కడక్కడ మాత్రమే ఉంటాయి, పోరాటం జరిగే చోటికి చేరడానికి గోడ మీద పరుగెత్తాలి. ఇక్కడ ఎక్కడ కేక వినిపిస్తే అక్కడే, ఎదురుగా ఉన్న మెట్ల మీదుగా వందమంది ఒకేసారి పైకి రావచ్చు. బయటివాడికి నిటారు గోడ, లోపలివాడికి మెట్లదారి.

ఇంతటి గోడకు కూడా బలహీనత ఉంది. రాళ్లు విసిరే పెద్ద యంత్రాలు ఒకేచోట మళ్లీ మళ్లీ కొడితే రాయి పగులుతుంది, దిమ్మె కదులుతుంది. ఒక దిమ్మె జారితే దాని మీది బరువు పక్కదాని మీద పడుతుంది. రాతిగోడ చాలాకాలం చలించకుండా ఉండి, ఒక్కసారిగా కూలుతుంది.

మట్టి అలా ప్రవర్తించదు. పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతోనో ఏనుగులు, ఎడ్ల చేత తొక్కించో గట్టిపరచిన కట్టలో దెబ్బ తగిలిన చోట గుంట పడుతుంది, అంతే. దెబ్బ బలం చుట్టూ ఉన్న మట్టిలోకి పాకి చల్లారిపోతుంది. రాత్రికి రాత్రి ఆ గుంటను తట్టలతో పూడ్చవచ్చు. అర్థశాస్త్రం కూడా కందకంలో తవ్విన మట్టితోనే వప్రం పోసి, ఏనుగులతో, ఎద్దులతో తొక్కించమని చెప్పింది. 1310 ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో ఈ మట్టిగోడ గురించి రాస్తూ, ఉక్కు ఈటె దానిలో దిగదనీ, యంత్రంతో విసిరిన గుండు పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి వస్తుందనీ అన్నాడు. అతను గెలిచిన సుల్తాను ఆస్థానకవి. ఓడిన కోటను గొప్పగా చూపితే గెలుపు ఇంకా గొప్పదవుతుంది కాబట్టి కొంత అతిశయోక్తి ఉండవచ్చు. అయినా దెబ్బకు మట్టి తట్టుకుంటుందన్న గమనిక అబద్ధం కాదు.

మట్టికి మరో పెద్ద గుణం ఖర్చు. ఊహకు ఒక కొలత తీసుకుందాం. 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు కందకం తవ్వితే ప్రతి మీటరు పొడవుకు 30 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. దానితో అడుగున 15 మీటర్లు ఉండి 4 మీటర్ల ఎత్తుకు లేచే కట్ట అవుతుంది. కందకం లోతు 3, కట్ట ఎత్తు 4. శత్రువు ఎక్కవలసినది 7 మీటర్లు. ఒకే తవ్వకంతో రెండు అడ్డంకులు. 2.4 కిలోమీటర్ల వ్యాసం ఉన్న వలయానికి చుట్టుకొలత సుమారు 7.5 కిలోమీటర్లు కాబట్టి మొత్తం మట్టి 2,25,000 ఘనపు మీటర్లు. మనిషికి రోజుకు 2 ఘనపు మీటర్ల చొప్పున వెయ్యిమంది పనిచేస్తే 113 రోజులు. చెరువులు తవ్వి కట్టలు పోయడంలో కాకతీయ రాజ్యానికి ఉన్న అనుభవం తెలిసిందే. రామప్ప చెరువు, పాకాల చెరువు కట్టలు పోసిన చేతులకు ఇది కొత్త పని కాదు. ఇంత పొడవుకూ గ్రానైటు కొట్టి, చెక్కి, మోసుకురావడానికి పట్టే కాలం దీనితో పోల్చదగినది కాదు.

మొదటి సందేహానికి జవాబు ఇక్కడ దొరుకుతుంది. రుద్రమదేవికి రాయికి బదులుగా మట్టి అక్కరలేదు, రాయికి ముందు మట్టి కావాలి. యంత్రాలను రాతిగోడకు దూరంగా ఆపే వలయం, పెరిగిన నగరాన్ని కూడా లోపలికి తీసుకునే వలయం, ఒక పాలనలో పూర్తయ్యే వలయం. వ్యాసం రెట్టింపు చేస్తే గోడ రెట్టింపవుతుంది, నేల మాత్రం నాలుగింతలవుతుంది. దీని వెల కాపలా. రెండు మీటర్లకు ఒక మనిషి చొప్పున నిలబెట్టాలంటే రాతిగోడకు సుమారు 1,900 మంది, మట్టిగోడకు సుమారు 3,800 మంది కావాలి. ఈ మాటను గుర్తుంచుకుంటే తరువాత జరిగినది అర్థమవుతుంది.

వాకిలి దగ్గర మలుపులు

ఎంత గొప్ప గోడకైనా వాకిలి ఒక కంతే. ఓరుగల్లు రాతికోట వాకిళ్లలో దారి సూటిగా పోదు. బయటి గుమ్మం దాటగానే ఎదురుగా గోడ వస్తుంది, పక్కకు తిరగాలి, మళ్లీ తిరిగితేగాని లోపలి గుమ్మం కనిపించదు. ఏనుగుతో తలుపు పగలగొట్టించాలంటే దానికి పరుగు తీసే చోటు కావాలి. మలుపు ఆ పరుగును తీసేస్తుంది. మలుపులో చిక్కినవారి మీదికి చుట్టూ గోడల మీదినుంచి బాణాలు, రాళ్లు పడతాయి. ఈ రోజు అదే దారిలో ఎదురుగా వాహనం వస్తే నెమ్మదించక తప్పదు.

1310లో ఒకలా, 1323లో ఒకలా

1303లో వచ్చిన ఢిల్లీ సైన్యం ఓరుగల్లును సాధించలేక తిరిగిపోయింది. 1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ వచ్చి దిగాడు. అతని మనుషులు తమ శిబిరం చుట్టూ కొయ్యలతో కంచె కట్టుకున్నారు. ముట్టడించేవాడికి కూడా గోడ కావలసివచ్చిందన్నది గమనించదగిన విషయం. అగడ్తను మట్టితో పూడ్చుతూ, యంత్రాలతో కొడుతూ, ఫిబ్రవరి నడిమికి మట్టికోట మీదికి లగ్గలెక్కి దాన్ని పట్టుకున్నారు. రాతికోట ఇంకా చెక్కుచెదరలేదు. కానీ బయటి వలయంలోని జనమంతా లోపలికి వచ్చి పడ్డారు, నాలుగో వంతు నేలలో అందరూ తలదాచుకోవలసి వచ్చింది. అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధి కోరాడు. అపారమైన ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి, ఏటా కప్పం కడతానని ఒప్పుకున్నాడు. మార్చిలో సైన్యం వెళ్లిపోయింది. కోట పోలేదు, రాజ్యం పోలేదు, ధనం పోయింది. గోడ సంపాదించిన కాలంతో రాజు బేరం కొనుక్కున్నాడు.

తుగ్లకుల కాలంలో పరిస్థితి మారింది. 1321లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్, నెలల తరబడి ముట్టడించాడు. ఈసారి రాజు సంధి అడిగినా అతను ఒప్పుకోలేదు. అంతలో ఢిల్లీ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది, సుల్తాను చనిపోయాడన్న పుకారు లేచింది, సేనానులు చీలిపోయారు, ముట్టడి చెదిరి సైన్యం దేవగిరికి వెనుదిరిగింది. గోడ రోజులను సాగదీస్తే అవతలివాడి శిబిరంలో ఏదో ఒకటి జరుగుతుందన్న లెక్క అక్షరాలా పనిచేసింది. 1323లో అతనే కొత్త బలగంతో మళ్లీ వచ్చాడు. నెలల ముట్టడి తరువాత కోట పడిపోయింది. ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు దారిలో నర్మద ఒడ్డున మరణించాడు.

1323లో కోట ఎందుకు పడిపోయిందన్నదానిపై ఒకే అభిప్రాయం లేదు. నాయకుల మధ్య వైరాలే కారణమని మన సంప్రదాయ కథనాలు చెబుతాయి. 1321 ముట్టడి తొలగగానే గండం గడిచిందనుకుని గాదెలు తిరిగి నింపుకోలేదన్నది మరో వాదన. పదే పదే కప్పాలు కట్టి, పదే పదే యుద్ధాలు చేసి రాజ్యం అలసిపోయిందని మూడో వాదన. రెండు గోడలకూ కలిపి నిలబెట్టవలసిన వేలాది మందిని తలచుకుంటే, నాకు ఈ మూడూ ఒకదానికొకటి శత్రువులు కావనిపిస్తుంది. నాయకుడు అలిగి వెళ్లిపోతే అతని బురుజు మీద మనిషి ఉండడు. ధాన్యం లేకపోతే ఉన్న మనిషి నిలబడలేడు.

ఇంకా తేలని మాటలు

ప్రతాపరుద్రుడి కాలంలో 77 మంది నాయకులు 77 బురుజులను కాపాడారని ప్రసిద్ధి. నేల మీద రాతికోటకు లెక్కకు వచ్చేవి 45. ఆ సంఖ్య తరువాతి తరాలు తమ వంశాలను కాకతీయ వైభవంతో ముడిపెట్టుకోవడానికి చెప్పుకున్నదని కొందరు చరిత్రకారులు భావిస్తారు. బురుజును నాయకుడికి అప్పగించే పద్ధతి నిజమే అయివుండవచ్చుననీ, సంఖ్యే పెరిగిందనీ అనుకోవడానికి కూడా చోటుంది.

వలయం, నాలుగు దిక్కుల వాకిళ్లు, నడుమ శివాలయం చూసి ఇది విశ్వానికి ప్రతిరూపంగా గీసిన నగరమని ఒక పక్షం అంటుంది. పైన చూసిన లెక్కలన్నీ రక్షణ కోసమే ఆ ఆకారమని చెబుతున్నాయని మరో పక్షం. ఐరోపాలో కూడా ఇటువంటి చర్చ నడిచింది. ఇంగ్లండులో 1385లో అనుమతి పొంది కట్టిన బోడియం కోట విశాలమైన నీటి కందకంతో ఎంతో భయంకరంగా కనిపిస్తుంది. అది నిజంగా యుద్ధానికి కట్టినదా, హోదా చూపడానికి కట్టినదా అని అక్కడి పండితులు ఎంతో కాలం వాదించారు. ఓరుగల్లు విషయంలో ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం ఉందని నేను అనుకోను. దేవుడి చుట్టూ గీసిన వలయమే తక్కువ రాయితో ఎక్కువ నేలను చుట్టగలిగింది.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న, ఇప్పుడు మనం చూస్తున్న దానిలో కాకతీయులది ఎంత అన్నది. 1323 తరువాత ఈ కోట తుగ్లకుల, ముసునూరి నాయకుల, రేచర్ల వెలమ ప్రభువుల, బహమనీల, షితాబ్ ఖాన్ యొక్క, కుతుబ్ షాహీల చేతుల మీదుగా నడిచింది. ఎవరికి వచ్చినా వారు వాకిళ్లను బాగుచేయించి ఉంటారు, ఎందుకంటే ముందుగా దెబ్బతినేవి అవే. గుడిలో ఉండవలసిన చెక్కడపు రాయి కోటవాకిలి గోడలో కనిపించినప్పుడు, ఆ భాగం గుడి కూలిన తరువాతిదని అర్థం చేసుకోవాలి. మట్టికోటకైతే అటువంటి గుర్తులు కూడా ఉండవు. రాయి తనను చెక్కినవాడి ఉలి గాటును ఏడు వందల ఏళ్లు దాచుకుంటుంది. మట్టికట్టకు ఏటా వానల తరువాత కోతలు పూడ్చాలి, వేళ్లు దిగిన చెట్లను తీసేయాలి, తొక్కించాలి. ఆ పని ఆగిపోయిన నాటి నుంచి ప్రతి వానాకాలమూ కొంత మట్టిని తిరిగి అదే కందకంలోకి దింపుతోంది. రోడ్డు పక్కన అది చెరువుకట్టలా కనిపించడానికి కారణం ఇదే.